ముక్కూమొహం తెలియని వాళ్ళ మధ్య నోరు విప్పడం ఎలా: ప్రయాణాన్ని మాటల సాధనగా మార్చుకునే పద్ధతి

నలుగురిలో మాట పెగలని వాళ్ళకు మాటలు రావనుకోవడం పొరపాటు. ఇంట్లో తమ్ముడితోనో, చిన్ననాటి స్నేహితురాలితోనో గంటల తరబడి కబుర్లు చెప్పే మనిషే, పదిమంది కూర్చున్న చోట తన వంతు వచ్చేసరికి "నాదేముందండీ, మీరు చెప్పినట్టే" అని ముగించేస్తారు. భాషకు లోటు లేదు. తప్పు మాట్లాడినా ఫర్వాలేదనిపించే చోటు దొరకక మాట లోపలే ఉండిపోయింది. తెలిసినవాళ్ళ ముందు ఒకసారి తడబడితే ఏళ్ళ తరబడి దాన్ని గుర్తుచేసేవాళ్ళుంటారు. రైల్లో ఎదురు సీటు మనిషి ముందు తడబడితే, ఆ తడబాటు స్టేషన్‌లో దిగడంతోనే ముగిసిపోతుంది. కొత్తవాళ్ళ దగ్గర మనుషులు తమ మనసు విప్పే తీరును జర్మన్ సామాజిక శాస్త్రవేత్త జార్జ్ సిమ్మెల్ 1908లోనే గమనించి రాశారు. ఉండిపోని మనిషి దగ్గర దాచుకోవలసిన అవసరం తగ్గుతుంది.

అయితే టికెట్టు కొన్నంత మాత్రాన నోరు తెరుచుకోదు. పది ఊళ్ళు తిరిగినా గది, కిటికీ, ఫోను, ఈ మూడింటి మధ్యే గడిపి తిరిగొచ్చేవాళ్ళు చాలామంది. ఇంకో రకం కూడా ఉంది. కొత్తవాళ్ళను వరుసగా ప్రశ్నలడిగి, వాళ్ళ కథంతా విని, తమ గురించి ఒక్క ముక్క కూడా చెప్పకుండా లేచిపోతారు. చూసేవాళ్ళకు చొరవ ఉన్న మనిషిలాగే కనిపిస్తారు గానీ, ప్రశ్నల చాటున దాక్కోవడం అది. "నాకిది నచ్చింది", "నేనలా అనుకోవడం లేదు", "నాకు ఇది కావాలి" అనే మాటలు మీ నోటినుంచి రావడమే ఇక్కడ మనకు కావలసింది. కింద చెప్పే ప్రతి మెట్టూ దాని కోసమే.

బయల్దేరడానికి వారం ముందు

జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి తీసుకోండి. వారం రోజులపాటు, చెప్పాలనుకుని మింగేసిన ప్రతి మాటనూ అందులో రాయండి. ఎవరి ముందు, ఏం చెప్పాలనుకున్నారు, చివరికి ఏం అన్నారు, ఆ క్షణంలో ఒంట్లో ఏమైంది, ఇవి చాలు. గొంతు తడారిపోయిందా, గుండె దడదడలాడిందా, ముఖం వేడెక్కిందా అన్నది తప్పకుండా రాయండి, తర్వాత పనికొస్తుంది.

వారం చివర ఆ పేజీలు వరుసగా చదివితే మీ మాట ఎక్కడ ఆగుతోందో బయటపడుతుంది. కొందరికి మొదలుపెట్టడమే కష్టం, ఎదుటివాళ్ళు పలకరిస్తే మాత్రం హాయిగా మాట్లాడతారు. కొందరు వార్తల గురించీ వాన గురించీ ఎంతసేపైనా మాట్లాడతారు గానీ, సంభాషణ తమ వైపు తిరగగానే మాట తప్పిస్తారు. ఇంకొందరు అన్నీ చెప్పగలరు, "వద్దు" అనడం తప్ప. వాళ్ళది మొహమాటం. ఈ మూడూ వేర్వేరు చిక్కులు, వీటికి సాధన కూడా వేరు. మొదటి ప్రయాణానికి ఒక్కదాన్నే ఎంచుకోండి. మూడింటినీ ఒకేసారి పట్టుకున్నవాళ్ళు రెండోరోజుకే అలసిపోయి గదిలో కూర్చుంటారు.

ఇప్పుడు ఒక నిచ్చెన గీసుకోండి. భయానికి 0 నుంచి 100 వరకు మార్కులు వేసుకునే పద్ధతిని మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే 1960లలో వాడుకలోకి తెచ్చారు, ఇప్పటికీ భయాలకు చికిత్స చేసేవాళ్ళు దాన్ని వాడుతున్నారు. 0 అంటే ఏ జంకూ లేదు, 100 అంటే అక్కడినుంచి పారిపోవాలనిపించేంత. ఏడు నుంచి పది మెట్లు ఉంటే సరిపోతుంది. తమ గురించి చెప్పుకోలేనివాళ్ళ నిచ్చెన దాదాపు ఇలా ఉంటుంది:

15: ఎదురొచ్చిన మనిషి కళ్ళలోకి చూసి చిన్నగా నవ్వడం
25: దారో, సమయమో అడగడం
40: పక్క సీటు మనిషితో కళ్ళెదుట ఉన్నదాని గురించి ఒక మాట అనడం
50: ఆ మాట తర్వాత మరో రెండు నిమిషాలు నిలబడటం
60: అడగకుండానే మీ గురించి ఒక వాక్యం చెప్పడం
70: ఎదుటివాళ్ళు మెచ్చుకున్నదాన్ని మీరు మెచ్చలేదని చెప్పడం
85: ఐదారుగురు కూర్చున్న చోట రెండు నిమిషాలపాటు ఒక సంగతి చెప్పడం

మీ అంకెలు మీవి. కొందరికి దారి అడగడమే 60 ఉంటుంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సాధన 30, 40 మార్కుల దగ్గర మొదలుపెట్టాలి. అంతకన్నా కింద చేస్తే కొత్తగా నేర్చుకునేది ఉండదు. ఒకేసారి 80కి ఎగిరితే, అది బెడిసికొట్టినప్పుడు కింది మెట్లు కూడా భయపెడతాయి. ఒక మెట్టును వేర్వేరు మనుషులతో మళ్ళీ మళ్ళీ చేయండి. దాని మార్కు సగానికి పడ్డాక పై మెట్టు ఎక్కండి.

ఏ ప్రయాణం, ఎంత ప్రయాణం

మొదటిసారి ఒక్క రోజు చాలు, పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరేది. రెండోసారి రెండు మూడు రోజులు. దూరం ముఖ్యం కాదు, మనుషులతో కలిసి ఎంతసేపు కూర్చుంటారన్నదే లెక్క. విమానంలో కన్నా రైల్లో, సొంత వాహనంలో కన్నా బస్సులో మాట కలుస్తుంది. గది తలుపు మూసుకుంటే లోకం తెగిపోయే హోటల్ కన్నా, వంటగదీ వరండా అందరికీ ఒక్కటే ఉండే బస మేలు. నడుస్తూ చూసే చోట్లు, చేతిపని నేర్పే అరపూట తరగతులు, స్వచ్ఛంద సేవ జరిగే చోట్లు చాలా అనువైనవి. చేతిలో పని ఉంటే కళ్ళకు ఎక్కడ చూడాలన్న ఇబ్బంది ఉండదు, మాట దానంతటదే వస్తుంది. ఎదురెదురుగా కూర్చోవడం కన్నా పక్కపక్కన నడవడం బెరుకు ఉన్నవాళ్ళకు తేలికగా ఉండేదీ అందుకే.

వీలైతే ఒకే చోటికి రెండుసార్లు వెళ్ళేలా చూసుకోండి. నిన్న వెళ్ళిన టీ దుకాణానికే ఇవాళా వెళ్ళండి. రెండోసారి కనిపించిన ముఖానికి పలకరింపు సగం సిద్ధంగా ఉంటుంది.

తోడు సంగతి. మీ కన్నా బాగా మాట్లాడే స్నేహితుణ్ణి వెంట తీసుకెళితే మాటలన్నీ అతనే మాట్లాడతాడు, మీరు నవ్వుతూ పక్కన నిలబడతారు. ఒంటరిగా వెళ్ళడం ఇబ్బందైతే, రోజులో మూడు గంటలు ఎవరి దారిన వాళ్ళు తిరిగేలా ముందే మాట్లాడుకోండి. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు సంచి అడుగున పెట్టేయండి. అవి చెవిలో ఉన్నంతసేపూ "నన్ను కదిలించకండి" అని రాసి మెడలో వేసుకున్నట్టే. ఫోను కూడా అంతే, కూర్చున్న మొదటి పదిహేను నిమిషాలు దాన్ని బయటికి తీయకండి. ఆ పదిహేను నిమిషాల్లోనే పక్కవాళ్ళు సర్దుకుంటారు, సామాను పెడతారు, చుట్టూ చూస్తారు. మాట కలిపేందుకు అంతకన్నా మంచి సమయం దొరకదు. అది దాటి అరగంట మౌనం గడిచాక మొదలుపెట్టడం రెట్టింపు కష్టం.

మూడు వాక్యాలు మూటగట్టుకోండి

"మీరేం చేస్తుంటారు?" అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. దానికి ఎక్కువమంది ఇచ్చే జవాబు ఇలా ఉంటుంది: "కంపెనీలో పనిచేస్తానండీ." అక్కడితో మాట చచ్చిపోతుంది. విన్నవాళ్ళకు పట్టుకోవడానికి కొస ఏదీ లేదు. దీన్నే ఇంకోలా చెప్పి చూడండి: "లెక్కలు చూస్తానండీ. రోజంతా అంకెల మధ్యే గడుస్తుంది, అందుకే సెలవు దొరికితే చాలు, కాళ్ళు నొప్పెట్టేదాకా నడిచే చోటు వెతుక్కుంటాను." ఇందులో ఎదుటి మనిషికి మూడు కొసలు దొరికాయి. లెక్కల గురించి అడగొచ్చు, నడక గురించి అడగొచ్చు, ఈసారి ఎక్కడికి వెళ్తున్నారని అడగొచ్చు. పైగా "అందుకే" అన్న మాట తర్వాత వచ్చినది మీ ఇష్టం. ఉద్యోగం పేరు చెబితే మీరెవరో తెలియదు, "అందుకే" తర్వాత చెప్పినదాంతో కొంత తెలుస్తుంది.

ఇలాంటివి మూడు తయారు చేసుకోండి. ఒకటి మీ పని గురించి, ఒకటి ఈ ప్రయాణం ఎందుకన్నదాని గురించి, ఇంకొకటి ఈమధ్య మీరు ఇష్టంగా చేస్తున్న ఏదైనా పని గురించి. ఒక్కొక్కటీ పది సెకన్లకు మించకూడదు. వాటిలో ఒకదాన్ని మాత్రం రెండు నిమిషాల సంగతిగా పెంచుకోండి: ఎక్కడ మొదలైంది, ఏం అడ్డొచ్చింది, ఇప్పుడు ఎక్కడుంది.

రాసుకుని ఊరుకుంటే సరిపోదు. గొంతెత్తి పలకాలి, కనీసం ఐదుసార్లు. కాగితం మీద చక్కగా ఉన్న వాక్యం నోట్లో మెలితిరుగుతుంది, ఊపిరి మధ్యలో అయిపోతుంది, ఎవరూ మాట్లాడని గ్రాంథికం ఒకటి దూరిపోయి ఉంటుంది. పలికినప్పుడే అవి దొరుకుతాయి. ఐదోసారికి వాక్యం మీ నోటికి తగ్గట్టు అరిగి, నున్నబడుతుంది. అంతకుమించి పలికి కంఠస్థం చేయకండి. కంఠస్థమైన మాటకు మధ్యలో ఎవరైనా అడ్డొస్తే తర్వాతి ముక్క గుర్తురాదు.

మొదటి రోజు

పొద్దుటి పూట అంతా పలకరింపులే. ఐదుగురికి కళ్ళు కలిపి నమస్కారమో చిరునవ్వో. ముగ్గురిని ఏదైనా అడగండి, జవాబు మీకు నిజంగా అవసరమైనది అడగండి. తెలిసిన దారినే తెలియనట్టు అడిగితే గొంతులో ఆ తేడా మీకే వినిపించి ఇంకా జంకు పుడుతుంది. మధ్యాహ్నం నుంచి ఒక్కరితోనైనా రెండు నిమిషాలు నిలబడి మాట్లాడటం లక్ష్యంగా పెట్టుకోండి.

మొదటి మాట ఎప్పుడూ ఇద్దరి కళ్ళెదుటా ఉన్న వస్తువు మీదే వేయండి. ఎదుటి మనిషి రూపం గురించి వద్దు, సొంత విషయాలూ వద్దు. "ఈ బండి ఇక్కడ ఎంతసేపు ఆగుతుందండీ?" అన్నది ఫర్వాలేదు గానీ, జవాబు ఒక్క అంకెతో తీరిపోతుంది. "ఈ దారిలో మీరు తరచూ వెళ్తారా? కిటికీలోంచి చూడదగ్గది ఏదైనా వస్తుందా?" అంటే ఎదుటివాళ్ళు తమకు తెలిసినది చెప్పే అవకాశం ఇచ్చినట్టు. తెలిసింది చెప్పమంటే కాదనేవాళ్ళు తక్కువ.

నోరు తెరవబోయే ముందు గుండె కొట్టుకుంటుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదుసార్లు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం కొంత తగ్గుతుంది. పూర్తిగా నెమ్మదించేదాకా మాత్రం ఆగకండి, ఆగితే రైలు దిగే వేళవుతుంది. పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాడబోయే ముందో ఉపన్యసించబోయే ముందో "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్ళు, తమను తాము శాంతపరచుకోవాలని చూసినవాళ్ళకన్నా మెరుగ్గా చేశారు. భయంలోనూ ఉత్సాహంలోనూ గుండె ఒకేలా కొట్టుకుంటుంది, పేరు మార్చడం దాన్ని ఆపడం కన్నా తేలిక.

అందరూ నన్నే చూస్తున్నారన్న భావన గురించి ఒక సంగతి. మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థుల చేత ఇబ్బందిగా అనిపించే బొమ్మ ఉన్న టీ షర్టు తొడిగించి, తోటివాళ్ళు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని తొడుక్కున్నవాళ్ళు అనుకున్నారు. నిజానికి గమనించింది నాలుగో వంతు. మీ గొంతు వణుకు మీ చెవుల్లో మోగినంతగా ఎదుటివాళ్ళ చెవికి చేరదు. ఆ వణుకు మీద ఉన్న ధ్యాసను తీసి ఎదుటి మనిషి చెబుతున్న మాట మీద పెట్టండి. ధ్యాస బయటికి మళ్ళినప్పుడు మాట వస్తుంది, లోపలికి మళ్ళినప్పుడు ఆగుతుంది. నలుగురిలో బిడియపడేవాళ్ళకు చికిత్స చేసే నిపుణులు మొట్టమొదట సరిచేసేది ఈ ధ్యాసనే.

మాట సాగించడం

ఒక చిన్న సంభాషణను దగ్గరగా చూద్దాం. రైల్లో ఒక అమ్మాయి, ఆమె ఎదురు సీటులో పెద్దాయన. ఆయన ఒళ్ళో గుడ్డసంచి, అందులోంచి ఆకులు తొంగిచూస్తున్నాయి.

"అంత పదిలంగా పట్టుకున్నారు, ఏం మొక్కలండీ?"
"గులాబీ అంటు అమ్మా. మా మనవరాలు అడిగింది."
"ఆమెకు మొక్కలంటే ఇష్టమా?"
"ఇష్టమే గానీ నీళ్ళు ఎక్కువ పోసి చంపేస్తుంది."
"నేనూ అంతేనండీ. ఎండిపోతుందేమోనన్న భయంతో పొద్దునా సాయంత్రం పోస్తూనే ఉంటాను. పోయినేడు మూడు కుండీలు కుళ్ళిపోయాయి, చాలా బాధపడ్డాను."
"మట్టిలో వేలు పెట్టి చూడాలమ్మా. తడి తగిలితే ఆ రోజు పోయొద్దు."

మొదటి వాక్యం కళ్ళెదుట ఉన్నదాని మీద. రెండోది ఆయన జవాబులోంచే పుట్టిన ప్రశ్న. మూడోసారి ప్రశ్న అడగలేదు, సొంత మాట చెప్పింది. అందులో జరిగిన సంగతి ఉంది, కుళ్ళిన కుండీల లెక్క ఉంది, "బాధపడ్డాను" అన్న మనసు మాట కూడా ఉంది. ఆ మూడో మాట లేకపోతే ఇది వాకబు అయ్యేది. ఆ మాట వల్లే ఆయన సలహా ఇచ్చారు, ఇద్దరూ సమానులయ్యారు.

దీన్నే కొలతగా పెట్టుకోండి: రెండు ప్రశ్నలకు ఒక సొంత మాట. వరుసగా మూడో ప్రశ్న నోటి దాకా వచ్చిందంటే ఆపి, మీ గురించి ఏదో ఒకటి చెప్పండి. ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం కొత్త విషయానికి దూకకుండా, వాళ్ళు ఇప్పుడే అన్న మాటను పట్టుకుని అడగండి. ఇలా మాటను కొనసాగించే ప్రశ్నలు అడిగేవాళ్ళను ఎదుటివాళ్ళు ఎక్కువ ఇష్టపడతారని 2017లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది.

సొంత మాటకు లోతు ఒక్కసారిగా పెంచకూడదు. మొదట జరిగిన సంగతి, తర్వాత ఇష్టాయిష్టం, ఆ తర్వాత దానికి కారణం, చివర మనసులో భావం. ఒక మెట్టు దిగి ఆగి చూడండి. ఎదుటివాళ్ళూ అంత లోతుకు దిగారా, అయితే ఇంకో మెట్టు. వాళ్ళు పైనే ఉండిపోతే మీరూ అక్కడే ఉండండి. మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 1997లో ప్రచురించిన ప్రయోగం ఈ సూత్రం మీదే నడిచింది. ముక్కూమొహం తెలియని ఇద్దరు, క్రమంగా లోతు పెరిగే 36 ప్రశ్నలను ఒకరినొకరు అడుగుతూ, ఇద్దరూ జవాబు చెబుతూ సుమారు 45 నిమిషాలు గడిపితే, మామూలు కబుర్లు చెప్పుకున్న జంటలకన్నా ఎక్కువ దగ్గరితనం అనిపించింది. వంతులవారీగా చెప్పుకోవడం, లోతు మెల్లగా పెరగడం, ఈ రెండూ కలిసి పనిచేశాయి.

అభిప్రాయం చెప్పడానికి "నాకైతే" అన్న మాట చాలా ఉపయోగపడుతుంది. "ఆ కొండ మీది దృశ్యం అద్భుతం" అని ఒకరంటే, "అవునండీ" అనేసే అలవాటు ఉన్నవాళ్ళు ఒక్కసారి ఇలా అనండి: "నాకైతే కొండ కన్నా, కింద చెరువు గట్టు మీద కూర్చోవడం బాగా నచ్చింది. పైన జనం ఎక్కువయ్యారు." ఎదుటివాళ్ళ మాటను తప్పుపట్టలేదు, మీ మాట దాచుకోలేదు. ఎవరికీ కోపం రాదని, సంభాషణ పైగా రుచిగా మారిందని మీరే చూస్తారు. ఒక ప్రయాణంలో ఇలాంటివి ఐదు చేయగలిగితే మొహమాటం పట్టు బాగా సడలుతుంది.

మౌనం వస్తే కంగారుపడకండి. పది వేర్వేరు భాషల్లో మాటల వరసను కొలిచి 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఒకరి మాట ముగిసి మరొకరి మాట మొదలవడానికి పట్టే విరామం సగటున సెకనులో ఐదో వంతు దగ్గర తేలింది. మనం అంత త్వరగా మాట అందుకునే అలవాటులో ఉన్నాం కాబట్టే రెండు సెకన్ల మౌనం కూడా బావిలో పడ్డట్టు అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడు మనసులో మూడు లెక్కపెట్టండి. చాలాసార్లు ఎదుటివాళ్ళే అందుకుంటారు. వాళ్ళు అందుకోకపోతే ఇంతకుముందు వాళ్ళు అన్న ఒక మాటకు వెనక్కి వెళ్ళండి: "ఇందాక మనవరాలి గురించి చెప్పారు కదా..."

మీకు రాని భాష మాట్లాడే చోట

అక్కడ సాధన ఇంకా బాగా సాగుతుంది. సరైన వాక్యం కూర్చుకునేదాకా నోరు తెరవని అలవాటు అక్కడ పనికిరాదు, దాన్ని వదిలేయక తప్పదు. నమస్కారం, దయచేసి, ధన్యవాదాలు, క్షమించండి, ఎంత, ఎక్కడ, బాగుంది, వద్దు, మీ పేరు, నా పేరు. ఈ పదీ ముందే నేర్చుకోండి, అక్కడివాళ్ళు పలికేది విని నేర్చుకోండి, అక్షరాలు చూసి కాదు. పదకొండోది ఒక పూర్తి వాక్యం: "నాకు మీ భాష కొంచెమే వచ్చు, నెమ్మదిగా చెబుతారా?" మొదట్లోనే ఇది చెప్పేస్తే తప్పులకు ముందే అనుమతి దొరికినట్టు. అనువాదం చేసే ఫోను యాప్‌ను మాట ఆగిపోయినప్పుడే తీయండి. మొదటినుంచీ దాన్ని మధ్యలో పెడితే ఇద్దరూ తెర వైపే చూస్తుంటారు. దానికన్నా చిన్న పుస్తకంలో బొమ్మ గీసి చూపడం మనుషులను దగ్గర చేస్తుంది.

ఎక్కడ చెడుతుంది, ఎందుకు

ముక్తసరి జవాబు వస్తే: ఒక్కసారి ఇంకో ప్రశ్న వేయండి. మళ్ళీ ఒక్క ముక్కే వస్తే "సరేనండీ" అని మీ పని మీరు చూసుకోండి. భుజం అటు తిప్పుకోవడం, చూపు పుస్తకం మీదికి పోవడం, మీరు అడిగినదానికి తిరిగి ఏమీ అడగకపోవడం, ఇవన్నీ చాలు అన్న గుర్తులే. ఆ మనిషికి తలనొప్పి ఉండొచ్చు, ఇంట్లో చిక్కు ఉండొచ్చు. మీకు దాని లెక్క తెలియదు కాబట్టి మీ ఖాతాలో వేసుకోకండి.

మాట్లాడుతుంటే బుర్ర ఖాళీ అయితే: "ఏదో చెప్పబోయి మర్చిపోయానండీ" అని ఉన్నమాట చెప్పండి. దాచాలని చూస్తేనే గొంతు ఇంకా బిగుసుకుంటుంది.

ఎక్కువ చెప్పేస్తే: బెరుకు ఉన్నవాళ్ళు ఒకసారి మొదలుపెట్టాక ఆపలేకపోవడం ఉంది, ఏళ్ళ మాటలు ఒక్కసారి పొంగుతాయి. ఇంటి గొడవలు, అప్పులు, జబ్బులు మొదటి పావుగంటలో వద్దు. రెండు నిమిషాలు దాటిందనిపిస్తే "మీ సంగతి చెప్పండి" అని వంతు ఇచ్చేయండి.

కట్టుకథ చెప్పడం: రేపు కనిపించరు కదా అని లేని ఉద్యోగం, లేని ఊరు చెప్పేవాళ్ళున్నారు. అప్పటికి సరదాగానే ఉంటుంది. కానీ మెప్పు ఆ కల్పిత మనిషికి పోతుంది, మీకు రాదు. సాధనంతా వృథా.

మందు తాగి ధైర్యం తెచ్చుకోవడం కూడా ఇలాంటిదే. మాట్లాడింది గ్లాసు అని మనసు లెక్క రాసుకుంటుంది. మర్నాడు అది లేకుండా మళ్ళీ మొదటికే వస్తారు.

రాత్రి పడుకోబోయే ముందు పొద్దుటి మాటలన్నీ తిరగదోడుకోవడం అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. "అలా అనకుండా ఉండాల్సింది" అన్న జాబితా పెరిగి, మర్నాటి చొరవను తినేస్తుంది. దీనికి విరుగుడు పుస్తకంలో మూడే మూడు గీతలు: ఏం జరుగుతుందని భయపడ్డాను, నిజంగా ఏం జరిగింది, మార్కు ఎంత నుంచి ఎంతకు వచ్చింది. ఎదుటివాళ్ళు ఏమనుకుని ఉంటారో రాయకండి, అది మీరు చూడలేదు. ఆ ఊహ సాధారణంగా తప్పే. సంభాషణ ముగిశాక, ఎదుటి మనిషి మనల్ని ఎంత ఇష్టపడ్డారన్నది మనం తక్కువగా అంచనా వేస్తామని పరిశోధకురాలు ఎరికా బూత్‌బీ బృందం 2018లో చూపింది. మొదలుపెట్టే ముందూ అంతే. పరిశోధకులు నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో షికాగో రైలు ప్రయాణికులు, కొత్తవాళ్ళతో మాట్లాడితే ప్రయాణం అంత హాయిగా ఉండదని ఊహించారు. నిజంగా మాట్లాడినవాళ్ళు మాత్రం మౌనంగా కూర్చున్నవాళ్ళకన్నా ఎక్కువ ఆనందంగా దిగారు.

జాగ్రత్తలు

మనసు విప్పడం అంటే వివరాలన్నీ అప్పగించడం కాదు. బస చేసిన చోటు పేరు, గది నంబరు, ఒంటరిగా వచ్చిన సంగతి, డబ్బు ఎక్కడ పెట్టారన్నది, రేపటి కచ్చితమైన దారి, వీటిని చెప్పకుండానే మీ ఇష్టాలూ అభిప్రాయాలూ భావాలూ ఎన్నైనా చెప్పొచ్చు. "ఎక్కడ దిగారు?" అని అడిగితే "స్నేహితులు చూస్తున్నారండీ, ఆ ఏర్పాట్లు" అనడం జాగ్రత్తే, దాన్ని కట్టుకథ కింద లెక్కవేయకండి. జనం తిరిగే చోటే మాట్లాడండి. ఇంట్లో ఒకరికి రోజూ ఒక సమయానికి కబురు పెట్టండి. ఎదుటివాళ్ళు ఇచ్చిన తినుబండారం ఇష్టం లేకపోతే తీసుకోకండి.

మనసుకు ఏదో సరిగా లేదనిపిస్తే కారణం వెతక్కుండా లేచి వచ్చేయండి. ముఖ్యంగా ఆడవాళ్ళు, మర్యాద తప్పుతుందేమోనని కూర్చుని ఉండిపోకండి. "నేను వెళ్ళాలి" అని చెప్పి లేవడం కూడా ఈ సాధనలో ఒక మెట్టే, నిచ్చెనలో దానికీ మార్కు వేసుకోండి. అదే మర్యాద అటువైపూ ఉండాలి. ఫొటో తీయాలంటే అడగాలి. ఒంటరిగా ఉన్న మనిషి ఇబ్బంది పడుతున్నట్టు కనిపిస్తే దూరం జరగాలి.

మాట్లాడాలన్న ఆలోచనకే ఊపిరాడకపోవడం, నెలల తరబడి మనుషులను తప్పించుకు తిరగడం ఉంటే, ముందు మానసిక నిపుణులను కలవండి. ప్రయాణాన్ని వాళ్ళ సలహాతో కలిపి వాడుకోండి.

మాట ముగించడం

మొదలుపెట్టడం కన్నా ముగించడం రానివాళ్ళే ఎక్కువ. ఇరుక్కుపోతామన్న భయంతోనే చాలామంది అసలు మొదలుపెట్టరు. సంభాషణలు ఇద్దరూ కోరుకున్న సమయానికి ముగియడం చాలా అరుదని 2021లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. కాబట్టి సరైన క్షణం కోసం ఎదురుచూడకండి. ముగింపు వాక్యం ముందే సిద్ధంగా ఉంచుకోండి: "మట్టిలో వేలు పెట్టి చూడమన్నారు కదా, ఇంటికెళ్ళగానే అదే చేస్తాను. కాసేపు కళ్ళు మూసుకుంటానండీ." వాళ్ళు చెప్పినదాంట్లో ఒక్క ముక్క, ఆ తర్వాత మీ అవసరం. సంజాయిషీ అక్కర్లేదు.

ఇంటికి తిరిగొచ్చాక

ఇక్కడే చాలామంది జారిపోతారు. కొత్త చోట నేర్చిన ధైర్యం ఆ చోటుకే అంటుకుని ఉంటుంది. పాత గుమ్మం తొక్కగానే పాత బెరుకు తిరిగొస్తుంది, సాధన వమ్మయిందనిపిస్తుంది. భయం వదిలించే చికిత్సల్లో ఇది బాగా తెలిసిన సంగతి. భయాన్ని ఎన్ని వేర్వేరు చోట్ల, ఎన్ని రకాల మనుషుల ముందు ఎదుర్కొంటే ధైర్యం అంత గట్టిగా నిలుస్తుంది. అందుకే దిగిన 48 గంటల్లోపు ఒక మెట్టు ఇంటి దగ్గర చేయాలి. రోజూ చూస్తూ పలకరించని మనిషితో మొదలుపెట్టండి: ఎదురింటి వాళ్ళు, లిఫ్టులో కనిపించే మనిషి, మందుల షాపతను. అక్కడా ప్రయాణంలో వాడిన వాక్యాలే వాడండి.

తర్వాత వారం పాటు రోజుకొక కొత్త మనిషి. పరిశోధకురాలు జిలియన్ శాండ్‌స్ట్రోమ్, ఆమె సహచరులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, వారం రోజులు వరుసగా కొత్తవాళ్ళతో మాట్లాడినవాళ్ళకు కాదంటారేమోనన్న భయం తగ్గింది, మాట్లాడగలమన్న నమ్మకం పెరిగింది. ఆ మార్పు ఇంకో వారం తర్వాత చూసినా నిలిచే ఉంది. ఒక్కసారి మాట్లాడి మార్పు కోసం చూసేవాళ్ళు నిరాశపడేది ఇందుకే, భయం రోజురోజుకూ కొంచెం కొంచెంగానే దిగుతుంది.

రెండో వారంలో తెలిసినవాళ్ళ దగ్గరికి రండి, అసలు బరువు అక్కడే ఉంది. ఆఫీసు సమావేశంలో ఒక "నాకైతే". చుట్టాల మధ్య ఒక "నాకు వద్దండీ". భోజనాల దగ్గర మీ ప్రయాణంలోంచి రెండు నిమిషాల సంగతి, గులాబీ అంటు పెద్దాయన గురించైనా సరే. ప్రతిదానికీ అదే పుస్తకంలో అవే మూడు గీతలు. నెల తిరిగాక మొదటి నిచ్చెన తీసి ప్రతి మెట్టుకూ కొత్త మార్కు పాతదాని పక్కన వేయండి. ఇంకా 60 దగ్గరే కదలకుండా ఉన్న మెట్లేవో చూసి, వాటికి తగ్గ చోటును తర్వాతి ప్రయాణానికి ఎంచుకోండి.